ముదిగుబ్బ పెరుగు

మా అవ్వ లక్ష్మీదేవమ్మ రాయదుర్గానికి వచ్చి నలభై మూడేళ్లయింది. ఓటు ఇక్కడే, రేషను కార్డు ఇక్కడే, మా తాత తిమ్మప్ప సమాధీ ఇక్కడే. అయినా ఎవరైనా "మీది యా ఊరవ్వా?" అని అడిగితే తడుముకోకుండా "ముదిగుబ్బ" అంటుంది. అంతటితో ఆగితే ఆమె మా అవ్వ ఎందుకవుతుంది? ముదిగుబ్బ శెనక్కాయలకు ఉండే తీపి గురించి, ముదిగుబ్బ గొర్రెలకు ఉండే బుద్ధి గురించి, ఆఖరికి ముదిగుబ్బ ఎండకు ఉండే మర్యాద గురించి కూడా చెబుతుంది. నేనొకసారి పోయి చూశాను. ఎండ మా ఊళ్లో కొట్టినట్టే నడినెత్తిన కొట్టింది. వచ్చి ఆ మాటే చెప్పాను. రెండు రోజులు నా పళ్లెంలో సంగటి ముద్ద చిన్నదైంది.

ఆ ఊరి నుంచి అవ్వ తెచ్చుకున్నవాటిలో ఇప్పటికీ మిగిలింది ఒక్కటే. పెరుగు.

నవ్వకండి. నేనూ చిన్నప్పుడు నవ్వి దెబ్బ తిన్నాను. మా ఇంట్లో రోజూ తోడుకునే పెరుగు ముదిగుబ్బలో మా అవ్వ వాళ్లమ్మ చేసిన పెరుగే. ముందు రోజు పెరుగులోంచి ఒక గరిటె తీసి పాలకు తోడు వేయడం, మళ్లీ దాంట్లోంచి ఒక గరిటె దాచడం, అట్లా నలభై మూడేళ్లుగా ఒక్క రోజు కూడా తెగకుండా వస్తోంది. సాయంత్రం పాలు కాచి, చిటికెన వేలు ముంచి చూసి, తోడు వేసి, "చూసుకోమ్మా" అంటుంది అవ్వ. ఆ మాట నాతో కాదు, చచ్చిపోయి ముప్పై ఏళ్లయిన వాళ్లమ్మతో. తర్వాత మట్టిపిడత మీద పళ్లెం, పళ్లెం మీద రాయి పెడుతుంది. నాయన ఫ్రిజ్జు కొనిచ్చినా అందులో పెట్టదు. పెరుగుకు జలుబు చేస్తుందట.

అమ్మా నాయనా బళ్లారిలో పని చేస్తారు. నేను అవ్వ దగ్గరే పెరిగాను. పదో తరగతి లెక్కల పరీక్షలో నేనూ చదువూ విడిపోయాక, వీధి చివర ఉన్న జీన్స్ యూనిట్‌లో జేబులు కుడుతున్నాను. రోజూ పని నుంచి రాగానే పెరుగూ సంగటీ, వాటితో పాటు పెరుగు కథా ఉంటాయి. ఆ కథ నాకు కంఠతా వచ్చు.

వరసగా మూడేళ్లు వాన లేక శెనక్కాయ పంట పోయి, గొర్రెలు అమ్ముకుని, తాతా అవ్వా ఒక ట్రంకు పెట్టెతో రాయదుర్గంలో దిగారు. తాతకు బట్టల షాపు వెనక కుట్టుపని దొరికింది. ఈ వీధిలోనే కన్నడం మాట్లాడే ఒక ఓనరమ్మ ఇంట్లో చిన్న గది అద్దెకు తీసుకున్నారు. మొదటి వారం అవ్వ పావుసేరు పాలు కొని, కాచి, గిన్నె పట్టుకుని ఓనరమ్మ గడప ముందు నిలబడింది.

"అమ్మా, రోంత తోడు ఇయ్యండమ్మా."

"ఈవత్తు శుక్రవార. హెప్పు కొడోదిల్ల" అందట ఆమె. ఈరోజు శుక్రవారం, తోడు ఇవ్వం అని. మరుసటి రోజు పోతే శనివారం అంది. ఆ తర్వాతి రోజు కాస్త చీకటి పడ్డాక పోతే దీపం పెట్టాక ఇవ్వకూడదంది. అవ్వ వెనక్కి తిరుగుతుంటే ఓనరమ్మ లోపల ఎవరితోనో అంటున్న మాట వినబడింది. కరువోళ్లకు తోడిస్తే మన పాడి వాళ్ల వెంట పోతుందని.

"అప్పుటికి నాకు కన్నడం రాదు మే" అంటుంది అవ్వ ఇక్కడికి రాగానే. "కానీ ఆ ఒక్క మాటా అర్థమాయె."

ఇరవై మూడేళ్ల పిల్ల. మరునాడే బస్సెక్కి, కళ్యాణదుర్గం మీదుగా అనంతపురం పోయి, అక్కడ బస్సు మారి ముదిగుబ్బలో దిగింది. వాళ్లమ్మ ఏం జరిగిందని అడగలేదు. కట్టుకున్న చీర చెంగు చింపి, పెరుగులో బాగా నానబెట్టి, నీడలో ఆరేసింది. ముంతలో ఇస్తే బస్సులో ఒలికిపోతుందని ఆ ఉపాయం. గుడ్డ ఆరి అప్పడంలా గట్టిపడ్డాక మడిచి అవ్వ చేతిలో పెట్టింది. "గోరువెచ్చని పాలల్లో ఎయ్యి. మొదటి దినం నీళ్లనీళ్లగా ఉంటాది. భయపడొద్దు. మూడో దినానికి మన పెరుగైతాది" అంది. అవ్వ ఆ గుడ్డను రవికలో పెట్టుకుని రాయదుర్గం తిరిగొచ్చింది. మూడో రోజున తాత వేలితో నాకి చూసి, "ముదిగుబ్బ వచ్చేసినాది!" అని అరిచాడట.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. కానీ దానికి అవ్వ పెట్టుకున్న నియమాలు కొన్ని ఉన్నాయి. శుక్రవారం తోడు ఇవ్వకూడదు, శనివారం ఇవ్వకూడదు, దీపం పెట్టాక ఇవ్వకూడదు. మిగిలిన రోజుల్లో కూడా మన మనుషులు కానివాళ్లకు ఇవ్వకూడదు. "మా ముదిగుబ్బలో ఇదే పద్ధతి" అనేది. మన మనుషులెవరో మాత్రం ఆ పూట అవ్వకు ఎట్లా తోస్తే అట్లా ఉండేది. బళ్లారి వాళ్లు కారు. కోస్తా వాళ్లు అసలే కారు. ఒకసారి కళ్యాణదుర్గం వాళ్లు కూడా కాకుండా పోయారు.

ఇట్లాంటి మా అవ్వ ఇంటి పక్కకు, నిరుడు దీపావళికి ముందు, బీహారు నుంచి ఫూల్‌మతి వచ్చింది. ఆమె భర్త మా యూనిట్‌లో కటింగ్ మాస్టరు. పక్క గది ఖాళీగా ఉంటే నేనే మాట్లాడి అద్దెకు ఇప్పించాను. వాళ్లకు రెండేళ్ల ఆడబిడ్డ. మొదటి రోజే ఆవనూనె వాసనకు అవ్వ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏం నూనె మే అది? కండ్లల్లో నీళ్లు కారతాండాయి."

"ఆవాల నూనె అవ్వా. వాళ్లకు అదే రుచి."

"తలకు పూసుకుంటారా, తింటారా?"

"రెండూ."

"అయ్యో దేవుడా" అంది అవ్వ. ఆ రోజు నుంచి వాళ్ల మీద ఒక కన్ను వేసి ఉంచింది. గడపకు ముగ్గు వెయ్యరు. తలుపు మూసుకుని తింటారు. బిడ్డ తలకు అంత నూనె పెడతారు. ఇట్లా రోజుకొకటి నాకు చెప్పేది. ఫూల్‌మతి ఛఠ్ పండుగకు బెల్లమూ గోధుమపిండీ కలిపి వేయించిన ఠేకువాలు తెచ్చిస్తే, నవ్వుతూ తీసుకుని, ఆమె అటు తిరగ్గానే నా చేతిలో పెట్టింది. "నువ్వు తిను. నాకు పండ్లు లేవు." ఆ పొద్దున్నే వేయించిన శెనక్కాయలు పటపటా నమిలిన మనిషి!

ఆ పండుగ పోయిన వారానికి ఒక రోజు ఫూల్‌మతి స్టీలు గిన్నె పట్టుకుని మా గడప ముందుకు వచ్చింది. ఆమెకు అప్పుడు నాలుగు తెలుగు ముక్కలే వచ్చు. "అవ్వా, దహీ... కొంచెం తోడు. బిడ్డ కోసం." వాళ్ల ఊళ్లో పెరుగులో అటుకులు కలుపుకుని తింటారు. బిడ్డ ఇక్కడి ప్యాకెట్ పెరుగు మింగడం లేదు.

అవ్వ కాసేపు ఆ గిన్నె వైపు చూసింది.

"ఇయ్యాల శుక్రవారం."

నేను లోపల అన్నం కలుపుకుంటున్నాను. ముద్ద నోటి దాకా వచ్చి ఆగిపోయింది. ఈ మాట నాకు కంఠతా వచ్చు కదా.

శనివారం కూడా ఫూల్‌మతి వచ్చింది. శనివారం అంది అవ్వ. ఆదివారం ఆమె ఇంటి పని చూసుకుని వచ్చేసరికి చీకటి పడింది. దీపం పెట్టేశానంది అవ్వ. ఫూల్‌మతికి కోపం రాలేదు. "అచ్ఛా, ఇక్కడ పద్ధతి" అని తల ఊపి, జాగ్రత్తగా గుర్తు పెట్టుకుంటున్నట్టు వేళ్ల మీద లెక్క పెట్టుకుంటూ వెళ్లింది.

సోమవారం పొద్దున అవ్వ స్నానానికి పోగానే నేను పిడత మీది రాయి తీశాను. ఒక గరిటె పెరుగు చిన్న డబ్బాలో వేసి పక్కగదికి పరిగెత్తాను. "అవ్వకు చెప్పొద్దు" అని హిందీలో చెప్పాను. మా యూనిట్ హిందీ గొప్పదేం కాదు కానీ దొంగతనానికి సరిపోతుంది.

ఇక నాకు పది నెలల పాటు సినిమా టికెట్టు అక్కర్లేకపోయింది. సాయంత్రం ఫూల్‌మతి అరుగు మీద కూర్చుని బిడ్డకు పెరుగు అటుకులు తినిపిస్తుంటే, అవ్వ మా అరుగు మీంచి చూసి నాతో గుసగుసలాడేది.

"చూడు మే ఆ పెరుగు! సున్నం నీళ్ల మాదిరి. ప్యాకెట్టుదే. మనది చూడు, గరిటె నిలబెడితే నిలబడతాది."

"అవునవ్వా. ముదిగుబ్బ పెరుగంటే ముదిగుబ్బ పెరుగే" అనేదాన్ని, సంగటి ముద్ద వెనక నవ్వు దాచుకుని.

పోయిన సెప్టెంబరులో కొత్తచెరువులో ఉన్న మా పెద్దవ్వ తిప్పమ్మకు జ్వరం వచ్చిందని తెలిసి అవ్వ చూడ్డానికి పోయింది. మూడు రోజులు. పోతూ పోతూ పెరుగు బాధ్యత నాకు అప్పగించింది. నేను గట్టిగానే చేశాను. రోజూ గరిటె తీసి దాచాను, తోడు వేశాను, "చూసుకోమ్మా" అని కూడా అన్నాను. ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేసింది.

"ఇయ్యాల గ్రహణం మే. అన్నింట్లో గరిక ఎయ్యి."

"ఏస్తాలే అవ్వా."

వేశాను. ఊరగాయ జాడీలో వేశాను, నీళ్ల బిందెలో వేశాను, బియ్యంలో వేశాను, ఎందుకైనా మంచిదని ఫ్రిజ్జులో ఉన్న కూల్‌డ్రింక్ సీసా మీద కూడా ఒక పోచ పెట్టాను. అంతలో ఫూల్‌మతి వచ్చి, "గౌతమీ, మీ తులసికోటలో నాలుగు ఆకులు తీసుకోనా?" అంది. తీసుకోమన్నాను. ఆ మాటల్లో పడి పిడతలో గరిక వేయడం మరిచిపోయాను.

సోమవారం మధ్యాహ్నం అవ్వ బస్సు దిగి వచ్చింది. మూడు రోజులు అక్కడ ప్యాకెట్ పెరుగుతో తిని నోరు చచ్చిపోయిందట. కాళ్లు కడుక్కుని నేరుగా పిడత దగ్గరకు పోయింది. రాయి తీసింది, పళ్లెం తీసింది. లోపలికి చూసింది. గరిటెతో కెలికి మళ్లీ చూసింది.

"గరిక యాడ మే?"

అబద్ధం చెబుదామంటే పెరుగులో గరిక లేకపోవడం తెల్లగా కనబడుతోంది.

"గ్రహణం పట్టిన పెరుగు మనుషులు తింటారా?" అని ఒక్క కేక పెట్టి, పిడత ఎత్తుకుని పెరట్లోకి పోయి, నేను "అవ్వా, అవ్వా" అంటూ వెంటపడేలోగా మొత్తం వేపచెట్టు మొదట్లో గుమ్మరించింది. పిడత కడిగి బోర్లించింది. చేతులు తుడుచుకుంది. నన్ను ఇంకో నాలుగు తిట్టింది.

అయిదో తిట్టు మధ్యలో ఆగిపోయింది.

బోర్లించిన పిడత వైపు చూసింది. వేపచెట్టు వైపు చూసింది. అక్కడ పెరుగు అప్పటికే మట్టిలో ఇంకిపోయింది, ఒక కాకి వచ్చి వాలింది. అవ్వ అక్కడే గట్టు మీద కూలబడింది. ఏడవలేదు. ఏడిస్తే ఎట్లా ఓదార్చాలో నాకు తెలుసు, కథలో తాత అరిచినట్టు ఏదో ఒకటి అరిచి నవ్వించేదాన్ని. అవ్వ ఊరికే చేతిలో ఉన్న గరిటెను తిప్పి తిప్పి చూస్తోంది.

"తుడిచి పెట్టేస్తి మే" అంది చివరికి. "నా చేతుల్తోనే పారబోస్తి."

అన్నం తినలేదు. సాయంత్రం పాలు వచ్చాయి, కాచలేదు. నాకు భయమేసి తిప్పమ్మవ్వకు ఫోన్ కలిపి, స్పీకరు పెట్టి, అవ్వ ఒళ్లో పెట్టాను.

"ఏమే లచ్చుమ్మా, పొద్దున్నే గదా పోయినావు. మళ్లా ఏమాయె?"

అవ్వ చెప్పింది.

"మా ఇంట్లో యాడుండాది చెప్పు, పాడి అమ్మి పదేండ్లాయె" అంది పెద్దవ్వ.

"ముదిగుబ్బలో ఎవురింట్లోనైనా ఉంటాదేమో అక్కా. అమ్మ ఇచ్చినోళ్లు..."

"అమ్మ ఇయ్యనోళ్లు ఎవురే? ఊరంతా ఆ తోడే. ఆ ఊర్లో ఇప్పుడు సగం బెంగుళూరికి పాయె, ఉన్నోళ్లు ప్యాకెట్లు కోస్తాండారు. రోడ్డు పనికి వచ్చిన తమిళోళ్లకు కూడా ఇచ్చినాది గదా అమ్మ. నువ్వే గదే, లంగా కట్టుకోని ముంత ఎత్తుకోని గుడిసె గుడిసెకూ తిరిగి ఇచ్చొచ్చింది?"

"శుక్రవారం ఇయ్యదు గదా అమ్మ" అంది అవ్వ, మెల్లగా.

"శుక్రవారం ఏందే? అమ్మకు వారాలు చూసుకునే తీరికుండె? పొద్దు మునిగినాక వచ్చినా ఇచ్చేది. ఎవురు చెప్పినారు నీకు?"

ఫోన్ పెట్టేశాక అవ్వ తనలో తాను అన్నట్టు అంది. "ఆ ఓనరమ్మ మాట మే అది. అమ్మది కాదు. ఎప్పుడు కలిసిపాయెనో."

ఇక దాచడం నా వల్ల కాలేదు. రెండడుగులు వెనక్కి జరిగి, దెబ్బ అందనంత దూరంలో నిలబడి చెప్పాను.

"అవ్వా, మన పెరుగు పోలేదు. పూలమతి దగ్గర ఉండాది."

"ఏమంటివి?"

"నేనే ఇచ్చినాను. పది నెలలాయె. నువ్వు సున్నం నీళ్లు అంటివే, అది మనదే."

అవ్వ నా వైపు చూసిన చూపుకు ఇంకో రెండడుగులు వెనక్కి వేశాను. చెయ్యి ఎత్తింది కూడా. ఎత్తిన చేత్తో కొంగు సర్దుకుని, ఒక గిన్నె తీసుకుని లేచింది.

వాళ్లు వచ్చినప్పటి నుంచి అవ్వ ఆ గడప దగ్గరకు పోయింది లేదు. అప్పుడే చీకటి పడుతోంది. ఫూల్‌మతి దేవుడి పటం ముందు దీపం పెట్టి లేస్తోంది. గిన్నె పట్టుకుని గడప ముందు నిలబడిన అవ్వను చూసి కంగారుపడింది.

"పూలమ్మా, రోంత తోడు ఇస్తావా?"

ఫూల్‌మతి ముఖం వెలిగి, వెంటనే వాడిపోయింది. నా వైపు చూసింది, దీపం వైపు చూసింది. పది నెలల్లో ఆమెకు తెలుగు బాగానే వచ్చింది.

"అవ్వా, దీపం పెట్టేసినా గదా. ఇప్పుడు ఇయ్యకూడదు. నువ్వే చెప్పినావు. నీ ఇంటికి చెడు జరిగితే?"

ఎగతాళికి అనలేదు. నిజంగానే భయపడుతోంది. ఈ ఊరి పద్ధతి అనుకుని, పది నెలలుగా శుక్ర శనివారాలు, దీపం వేళలు వేళ్ల మీద లెక్క పెట్టుకుంటూ పాటిస్తోందట. పోయిన నెల వాళ్ల ఊరి నుంచే వచ్చిన ఒకామె శుక్రవారం తోడు అడిగితే ఇవ్వకుండా పంపేసిందని కూడా చెప్పింది.

అవ్వ గిన్నె పట్టుకున్న చెయ్యి కొంచెం కిందికి దిగింది.

"అది అబద్ధం తల్లీ" అంది. "మా అమ్మ దీపం పెట్టినాక కూడా ఇచ్చేది. శుక్రవారమూ ఇచ్చేది. నేనే నీకు తప్పు చెప్పినాను. నువ్వు ఇయ్యి. ఏమీ కాదు."

ఫూల్‌మతి లోపలికి పోయి స్టీలు గిన్నె తెచ్చింది. అవ్వ ఎంతైనా అవ్వే. గడప మీదే ఆగి అడిగింది.

"నిన్న గ్రహణం గదా. ఏమైనా ఏసినావా దీంట్లో?"

ఫూల్‌మతి మూత తీసి చూపించింది. మీగడ మీద, మా తులసికోటలో కోసిన ఆకు, కొంచెం వాడి, అట్లాగే ఉంది.

"మీరూ ఏస్తారా?"

"మా అమ్మ చెప్పింది" అంది ఫూల్‌మతి.

అవ్వ వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. ఆవనూనె వాసన వస్తోంది, బిడ్డ నా కాలు పట్టుకుని లాగుతోంది.

"పులుపు రోంత తక్కువ" అంది అవ్వ కళ్లు తెరిచి. "అమ్మదే."

ఆ రాత్రి మా ఇంట్లో పాలు తోడుకున్నాయి. "చూసుకోమ్మా" అని అవ్వ రెండుసార్లు అంది. తర్వాత నన్ను పిలిచి, నెత్తి మీద ఒక మొట్టికాయ వేసింది. దొంగతనానికి. ఆ వెంటనే పెద్ద సంగటి ముద్ద పెట్టింది. ఎందుకో చెప్పలేదు.

అక్టోబరులో ఫూల్‌మతి ఛఠ్ పండుగకు బిడ్డను తీసుకుని వాళ్ల ఊరికి బయలుదేరింది. రైలులో రెండు రోజుల ప్రయాణం. అంతకు మూడు రోజుల ముందు, పని నుంచి వచ్చేసరికి మా అరుగు మీద తాడుకు ఒక గుడ్డముక్క వేలాడుతోంది. దగ్గరికి పోయి వాసన చూశాను. పుల్లటి వాసన. అంచు రంగు చూస్తే అవ్వ చీరల్లో అన్నిటికంటే మంచిది, నాయన పండక్కి తెచ్చిన నీలంది.

"కొత్త చీర చింపినావా అవ్వా?"

"పాతదాంట్లో రంగు పోతాది. పెరుగుకంతా రంగు పడితే ఎట్ల?" అంది. పాతదాంట్లో ఎప్పుడో పోవాల్సిన రంగంతా పోయిందని, రంగు పోయేది కొత్తదాంట్లోనే అని నేను చెప్పలేదు. రెండుసార్లు ఉడకబెట్టి, ఎండబెట్టి, అప్పుడు పెరుగులో ముంచిందని తర్వాత తెలిసింది.

బయలుదేరే పూట అవ్వ ఆ గుడ్డను మడిచి ఫూల్‌మతి చేతిలో పెట్టింది.

"మీ అమ్మకు ఇయ్యి. గోరువెచ్చని పాలల్లో ఎయ్యమను. మొదటి దినం నీళ్లనీళ్లగా ఉంటాది, భయపడొద్దు. మూడో దినానికి మన పెరుగైతాది."

ఫూల్‌మతి దాన్ని రవికలో పెట్టుకుంది. ఆటో కదిలింది. అవ్వ నాలుగడుగులు వెనకే నడిచి, గట్టిగా అరిచింది.

"అడిగినోళ్లకు ఇయ్యమను! యా వారమైనా ఇయ్యమను!" ఆటో మలుపు తిరుగుతుంటే ఇంకొంచెం గట్టిగా, "ఫ్రిజ్జులో మాత్రం పెట్టొద్దను!"